రంగస్థలముమీద మన పలుకు
(మహాసభ రెండవనాటి ఉదయమున చేసిన ఉపన్యాసము)



ఈ వేదికమీద విద్యావంతులు, వర్తకులు, సహకారసంఘములు నడుపు పెద్దలు మాటలాడుట వాడుక. నాటకము లాడువానిని పిలిచి ఉపన్యసింపుమనుట క్రొత్త. నాకీ గౌరవము నొసగిన వారికి కృతజ్ఞుడను. నాకు శాస్త్రపాండిత్యము లేదు. ముప్పది యేండ్లుగా నేను చేసిన పని యెట్టిదో, అందువలన మన సంఘమునకు తెలియవలసిన దేమున్నదో, అంతమాత్రమే విన్నవింపగలను.

నేను మూడు పనులు చేసి జీవించుచున్నాను. వేషము కట్టుదును. పద్యము పాడుదును. వయసు మీరినకొలది మూడవ పని యొకటి వచ్చి చేరినది. నాటకములోని పాత్ర ఏ సీమవాడో, ఏ వృత్తివాడో, ఆ సీమపలుకును ఆ వృత్తిమాటను నటులకు నేర్పుదును. ఈ మూడవ పనికి మన సమాజములలో స్థిరమైన పేరు లేదు. కరపత్రములో దానికి చోటు లేదు. పారితోషికము పంచునప్పుడు అది తరచుగా మరపునకు వచ్చును. ఐనను నేను నేడు ముఖ్యముగా మాటలాడ దలచినది దానిని గురించియే.

మాది చీరాల ప్రాంతమున నొక నేతపల్లె. మా నాయన గుంటమగ్గముమీద కూర్చుండి నాడె విసరుచు భారత కథాపద్యములు పాడెడివాడు. నాడె ఇటునుండి అటు పోవు సవ్వడియే నేను విన్న మొదటి తాళము. నాడె ఆగిన కూలి ఆగును గనుక పద్యము ఎంత తీయనిదైనను ఆయన దానిని సాగదీయుట కెరుగడు. మాట స్పష్టముగా వచ్చెడిది, అర్థము నిలిచెడిది, పద్యము ముగిసెడిది. వీథిలో పడుగు సాచి గంజి పెట్టు వేకువలయందు ఇరుగుపొరుగు వారు ఒకరి పద్యము నొకరు అందుకొనెడివారు. పాటకచేరి యన నేమో తెలియకమునుపే నాకు పాట అబ్బినది ఆ వీథిలోనే.

పదునెనిమిదవ యేట నేనొక నాటక గురువు నాశ్రయించితిని. ఆయన మొదట నాకు రాగము చెప్పలేదు. పద్యమును వచనమువలె చదివించెను. ఏ మాట ఏ మాటతో అన్వయించునో, కర్త యెవడో, క్రియ యేదో చెప్పుమనెను. పిమ్మట గణములు విడదీయించెను. ఉత్పలమాలలో 10వ అక్షరము, చంపకమాలలో 11వ అక్షరము, శార్దూలములో 13వ అక్షరము, మత్తేభములో 14వ అక్షరము యతిస్థానములని చెప్పి, మన తెలుగు యతి అక్షరమైత్రియే గాని ఊపిరి విడుచుటకు ఏర్పరచిన మజిలీ కాదని హెచ్చరించెను. ఎందుకనగా, యతిస్థానమున మాట సగములో నుండవచ్చును. అక్కడ ఆగి రాగము తీసిన మాట రెండు ముక్కలగును. వినువానికి అర్థము చెడును. ఈ రెండు మెట్లు దాటిన పిమ్మటనే ఆయన మోహనయు, కల్యాణియు, కాపియు నాకు పట్టుబడునట్లు చేసెను. రాగము మాటకు కట్టిన చీరవంటిది, చీరను చూచి మనిషిని మరచిపోవునట్లు కట్టరాదు అనెడివాడు. మన కులము వానికి ఆ యుపమానము ఇట్టే బోధపడినది.

తెలుగు నాటకమున పద్యమునకు గల పలుకుబడి మీకు తెలియనిది కాదు. కందుకూరి వీరేశలింగము పంతులుగారు 1880 లో రాజమహేంద్రవరమున నాటకప్రదర్శనమునకు శ్రీకారము చుట్టిరి. కడప సీమలోని సురభి గ్రామమున 1885 లో పుట్టిన సురభి సమాజము కుటుంబమునే సమాజముగా మార్చి, స్త్రీపాత్రలను స్త్రీలచేతనే ఆడించినది. బళ్ళారిలో ధర్మవరము రామకృష్ణమాచార్యులవారు నాటకమునకు పాటను పద్యమును జోడించి ఒక త్రోవ వేసిరి. తిరుపతి వేంకటకవుల పాండవోద్యోగ విజయములును, బలిజేపల్లి లక్ష్మీకాంతముగారి సత్యహరిశ్చంద్రయు పల్లెపల్లెకు పోయినవి. బాపట్లలో జన్మించిన స్థానం నరసింహారావుగారు (1902–1971) స్త్రీపాత్రలు ధరించి దేశమంతట కీర్తి గాంచిరి. ఆయన చీరకట్టు చూచి స్త్రీలే ముచ్చటపడిరని మా పెద్దలు చెప్పెడివారు. అదే కాలమున బళ్ళారి రాఘవగారు (1880–1946) పురుషులు స్త్రీవేషములు కట్టరాదనియు, రాగాలాపనము నటనను మ్రింగరాదనియు వాదించిరి. ఈ రెండు త్రోవలును మనవే. ఒకరిని మెచ్చుటకు మరొకరిని తక్కువ చేయ బనిలేదు.

హరిశ్చంద్ర నాటకమున కాటిసీనులో గుఱ్ఱం జాషువ కవిగారి (1895–1971) శ్మశానపద్యములు పాడుట ఆచారమైనది. అవి మూలనాటకములోనివి కావు. ఐనను వానిని పాడని హరిశ్చంద్రుని ప్రేక్షకులు క్షమింపరు. కులమువలన అవమానము లెన్నో పొందిన కవి మాటను, అన్ని కులముల నటులును, అన్ని కులముల ప్రేక్షకుల యెదుట, నడురాత్రి గొంతెత్తి పాడుచున్నారు. రంగస్థలము మనుష్యులను కలుపగల దనుటకు నేనింతకంటె గొప్ప సాక్ష్యము నెరుగను.

అదే రంగస్థలము మనుష్యులను చిన్నబుచ్చగలదు గూడ. ఆ సంగతి చెప్పుటకు నాకు కొంత సిగ్గుగా నున్నది. ఏలయన అందు నాకును పాలు కలదు.

నా యిరువది రెండవ యేట ఒక సమాజమువారు సాంఘికనాటకములో నాకు నేతవాని పాత్ర నిచ్చిరి. పేరు చెప్పుట మర్యాద గాదు. ఆ పాత్రము పిరికివాడు, నత్తివాడు. ప్రతి 'చ'కారమును 'స'కారముగా పలుకవలెను. మాటకొకసారి నడుము గోకికొనవలెను. యజమానిని చూచి మంచము క్రింద దూరవలెను. 'చెప్పు' అనుటకు 'సెప్పు' అనుట ఉత్తరాంధ్రమున కొందరి నోట సహజముగా వినవచ్చు ఉచ్చారణము. అది అక్కడివారికి తప్పు గాదు, నవ్వదగినదియు గాదు. మా చీరాల నేతవా డట్లు పలుకడు. కాని వ్రాసినవారికి ఆ భేదముతో పనిలేదు. చదువురాని వాడనగానే నోట పెట్టుటకు వారియొద్ద ఒకే యాస సిద్ధముగా నుండెను.

నేను పాత్రను ఒప్పుకొంటిని. యువకుడను; వేషము దొరకుటయే గొప్ప. ప్రదర్శనము మా యూరికి నాలుగు మైళ్ళలో తిరునాళ్ళయందు జరిగెను. నవ్వులు మిన్నుముట్టినవి. ముమ్మారు చప్పట్లు కొట్టిరి. మా నాయన మా మేనమామలతో కూడ ముందువరుసలో కూర్చుండి యుండెను. తిరిగివచ్చు దారిలో ఆయన మాటాడలేదు. మరునాటి యుదయము మగ్గపుగుంటలో దిగుచు, నావైపు చూడకుండ, ఒకేమాట యడిగెను: "అబ్బాయ్, మనోళ్ళు అట్టా మాట్టాడతారంట్రా?"

ఆయన కోపపడినను నేను సహించియుందును. ఆ ప్రశ్నకు బదులు చెప్పలేకపోతిని. నేను పుట్టి పెరిగిన నోటిమాటను నేనే మరచి, ఎవరో వ్రాసియిచ్చిన పలుకును మనదని వేయిమంది యెదుట ప్రకటించి వచ్చితిని. పిమ్మట చాల యేండ్లు మా నాయన నా నాటకములకు రాలేదు.

మహాశయులారా! ఈ వ్యాధి నేటిది కాదు. సంస్కృత నాటకములలోనే రాజు సంస్కృతమును, నాయిక శౌరసేనిని, తక్కినవారు వేరువేరు ప్రాకృతములను పలుకవలెనని నియమముండెను. మృచ్ఛకటికములో శకారుడు 'స'కారమునకు 'శ'కారము పలికి నవ్వుల పాలగును. కాబట్టి భాషను బట్టి పాత్రను గుర్తుపట్టించుట నాటకకళలో పూర్వమునుండి యున్నదే. నేను దానిని కాదనను. పాత్రను గుర్తుపట్టించుట వేరు, మనుష్యుని పరిహసించుట వేరు. ఈ రెంటికి నడుమ గీత యెక్కడ గలదో వెదకుటయే నా మూడవ వృత్తి.

ఆ గీతను మనకు మొదట చూపినవారు గురజాడ అప్పారావుగారు. 1892 లో విజయనగరమున ప్రదర్శింపబడి, పిమ్మట 1909 లో పెంచి మార్చి ప్రకటింపబడిన కన్యాశుల్కములో గిరీశము మాట గిరీశముదే, అగ్నిహోత్రావధానులు మాట ఆయనదే, మధురవాణి మాట ఆమెదే. పేర్లు తీసివేసి చదివినను ఎవరు పలికిరో తెలియును. ఆ నాటకములోనూ నవ్వు కలదు. ఐనను ఆ నవ్వు మనుష్యుని బుద్ధినిబట్టి పుట్టినదిగాని నాలుకనుబట్టి పుట్టినది కాదు. గిడుగు రామమూర్తి పంతులుగారు (1863–1940) సవరల నోటినుండి సవరభాష నేర్చి దానికి నిఘంటువు కూర్చిరి. ఎవరి మాటను వారియొద్దనే నేర్వవలెనను సూత్రము నేను ఆయన చరిత్రనుండి గ్రహించితిని.

ఇక ఈ విద్య నడచు విధము చెప్పెదను. నటుడు మొదట వినవలెను. ఏ పల్లెవాని పాత్ర ధరించునో ఆ పల్లెలో కొన్ని దినములుండి చెవి యొగ్గవలెను. రెండవది, క్రియల తుదలు పట్టుకొనవలెను. 'చేశాడు' అని కృష్ణాతీరమువాడనిన, 'చేసిండు' అని తెలంగాణము వాడనును, 'చేసినాడు' అని రాయలసీమవాడనును. సీమభేదము ముఖ్యముగా క్రియాంతములందే యున్నది. ఇది తెలియనివారు మాట చివర నాలుగు వింతపదములు తగిలించి యాస వచ్చినదని మురియుదురు. మూడవది, బంధువాచకములు. 'అవ్వ' యనిన తెలంగాణమున చాలచోట్ల తల్లి. రాయలసీమలో అవ్వ యనిన తల్లికి తల్లియో, తండ్రికి తల్లియో. ఒకసారి మా నాటకములో కొడుకు తల్లి శవముపై బడి 'అవ్వా' అని యేడ్వవలెను. పాత్రధారి అనంతపురము వాడు. రెండుదినముల అభ్యాసములో అతని దుఃఖము ఏలనో చాలకుండెను. అడుగగా, "ముసలామె పోయింది గదా, అంతకంటె ఏమి ఏడ్చేది?" అనెను. అతడు అమ్మమ్మకొరకు ఏడ్చుచుండెను! అర్థము చెప్పినంతనే ఏడ్పు తనంత వచ్చినది.

నాలుగవది అతిసూక్ష్మము. మన లిపిలో 'చ' ఒక్కటే; నోట రెండు. 'చీర'లోని చకారము తాలవ్యము. 'అంచు'లోని చకారము దంత్యము. చీరను అంచును ఒకే మగ్గముమీద నేయు మనవాడు ఈ భేదమును వ్యాకరణము చదువకయే పాటించును. నగరములో పెరిగిన నేటి నటబాలకులు రెంటిని ఒకటిగా పలుకుచున్నారు. 'ణ'కార 'న'కారములకు, 'ళ'కార 'ల'కారములకు భేదము చెడిన పద్యము, పురి సరిగా పడని నూలువంటిది; దూరమునుండి బాగుగనే యుండును, చేత పట్టిన తెగిపోవును.

అన్నిటికంటె ముఖ్యమైనది చివర చెప్పుచున్నాను. ఏ మనుష్యునకును పలుకు ఒక్కటే యుండదు. మన నేతగాడు షావుకారుతో నొకరీతిగా మాటలాడును, ఆలితో నొకరీతిగా, బిడ్డతో నొకరీతిగా, దేవునితో నింకొకరీతిగా మాటలాడును. పాత్రచే నాటకమంతయు ఒకే యాసలో ఒకే ధోరణిగా పలికించుట ఆ మనుష్యుని హృదయము నెరుగకుండుటయే. నా యిరువది రెండవ యేటి నేతవానికి భార్య లేదు, బిడ్డ లేదు, దేవుడు లేడు. షావుకారొక్కడే యుండెను. అందుచేత అతనికి మంచము క్రింద దూరుటకంటె వేరు పని లేకపోయెను.

నేను గూడ తప్పులు చేసితిని. తెలంగాణపు పాత్రకు పలుకు నేర్పుచు ప్రతి వాక్యమునకు 'బిడ్డా' తగిలించితిని. సమాజములోని సిద్దిపేట పిల్లవాడొకడు వినయముగా, "సార్, మేము గంతగనం అనం" అని చెప్పెను. ఆ మాట నా యహంకారమును వదల్చినది. నా తండ్రి యడిగిన ప్రశ్ననే ఆ పిల్లవాడు మరల నన్నడిగెనని నాకు తోచినది.

ఇప్పుడొక సున్నితమైన సంగతి. కాళ్ళకూరి నారాయణరావుగారు వేశ్యావ్యసనమును ఖండించుటకై చింతామణి నాటకమును రచించిరి. అందలి సుబ్బిశెట్టి పాత్రవలన తమకు అవమానము కలుగుచున్నదని ఆర్యవైశ్య సోదరులు చాలకాలము మొఱపెట్టుకొనిరి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2022 జనవరిలో ఆ నాటక ప్రదర్శనమును నిషేధించినది. నాటకకర్త వ్రాసిన దానికంటె, నూరేండ్లలో నటులు చేర్చిన మోటుహాస్యమే యెక్కువ బాధ కలిగించినదని రంగస్థలమున నున్న మాకు తెలియును. వారి బాధ నిజము. నా తండ్రి ముఖమున దానిని నేను చూచితిని. ఐనను నిషేధము వచ్చిననాడు ఆ నాటకముమీద బ్రతుకు హార్మోనిస్టులు, స్త్రీపాత్రధారిణులు గూడ పని గోల్పోయిరి. మోటుహాస్యము చేర్చినవారు వేరు, అన్నము పోయినవారు వేరు.

ఈ సభలో కొందరు యువకులు నిన్న నాతో, మనలను వెక్కిరించు నాటకములను సినిమాలను గూడ ఆపించుటకు తీర్మానము చేయవలెననిరి. వారి పౌరుషము నాకు తెలియును. ఒక్క ప్రశ్న వేయుదును. తప్పుమాటను ఆపించిన పిమ్మట ఒప్పుమాట యెవరు పలుకుదురు? మనవా రెవరును రంగస్థల మెక్కకున్నచో, మన పాత్రయే నాటకములలో లేకుండపోవును. అవమానము పోవును, ఆనవాలు గూడ పోవును. నత్తివాడుగా నుండుట కష్టమే. అసలు లేకుండపోవుట అంతకంటె కష్టము.

నాకొక యనుభవము కలదు. కొన్ని యేండ్లకు మరియొక సమాజములో నేతకుటుంబపు కథ యాడవలసివచ్చెను. రచయిత యువకుడు, మంచివాడు. నే నతనిని మా పల్లెకు తీసికొనిపోయి వారము దినములు మగ్గములయొద్ద కూర్చుండబెట్టితిని. పడుగు, పేక, కండె, ఆసు, అచ్చు అను మాటలు అతని వ్రాతలోనికి వాటంతట నవియే వచ్చినవి. అందులో నేను ముసలి నేతగాడను. మా నాయనను పిలువలేదు, పిలుచుటకు ముఖము చెల్లలేదు. ఆయన తనంత తానే వచ్చి వెనుకవరుసలో కూర్చుండెనని నాకు నాటకము ముగిసినపిదప తెలిసినది. దారిలో చాలదూరము నడచిన పిమ్మట ఇట్లనెను: "మాట మనదేరా. నాడె మాత్రం అట్టా పట్టుకోరు." ఇంటికి పోయి దీపపు వెలుతురులో నాడె యెట్లు పట్టుకొనవలెనో చూపెను. నాకు వచ్చిన పతకములన్నింటిలోను ఆ దిద్దుబాటే నేను దాచుకొన్నది.

నేటి స్థితి మీకు తెలియవలెను. పౌరాణిక నాటకము చాలవరకు కంట్రాక్టు పద్ధతిని నడచుచున్నది. ఒక్క రాత్రి నాటకమున ఒకటవ కృష్ణుడు, రెండవ కృష్ణుడు వేరువేరూళ్ళనుండి వత్తురు. కలసి యొక్క దినమైన అభ్యాసముండదు. రంగు పూసికొనునప్పుడే పరిచయము. అట్టిచోట పలుకు దిద్దుటకు తీరిక యెక్కడిది? గొంతు చూపినవానికి చప్పట్లు దొరకును. అర్థము చూపినవానికి ఓపిక గల శ్రోత దొరకవలెను. నటునకు ప్రయాణపు ఖర్చులు పోగా మిగులునది స్వల్పము. వర్షాకాలమున అదియు లేదు. ఈ దారిని మన పిల్లలకు చూపుటకు తల్లిదండ్రులు భయపడుట న్యాయమే. పొట్టకొరకు దీనినే నమ్ముకొనుమని నేనెవ్వరికిని చెప్పను. ఒక వృత్తి చేతనుంచుకొని దీనిని గూడ నేర్చుకొనుమందును. పద్యము చక్కగా చదువగలవాడు కచేరిలోను, బడిలోను, అంగడిలోను తడబడక మాటలాడగలడు.

కావున పెద్దలకు మూడు ప్రార్థనలు చేయుచున్నాను.

మొదటిది: మన విద్యార్థివసతిగృహములలో ఎండకాలపు సెలవులయందు ఒక నెల పద్యపఠనమును, ఉచ్చారణమును నేర్పు తరగతి పెట్టుడు. ఒక హార్మోనియము, ఒక ఉపాధ్యాయుని భోజనము, ఒక చాప, ఇంతకంటె మూలధనమక్కరలేదు. నేను కూలి గోరక వచ్చి చెప్పుదును. ఆడపిల్లలను గూడ చేర్పుడు. సురభివారి యింటి స్త్రీలు 19వ శతాబ్దిలో చేసిన పనికి మనము 21వ శతాబ్దిలో జంకుట తగదు.

రెండవది: మన ముసలివారి మాటను భద్రపరుపుడు. భద్రిరాజు కృష్ణమూర్తిగారి పర్యవేక్షణమున మాండలిక వృత్తిపదకోశములు వెలువడి, వ్యవసాయపదముల సంపుటము 1962 లోను, చేనేతపదముల సంపుటము 1971 లోను అచ్చయినవి. ఒకే పనిముట్టును జిల్లాకొక పేరుతో పిలుచు మన వారి నోటిమాటలు అందు చేరినవి. మాట కాగితమునకెక్కినది, గాని దాని స్వరము కాగితమున కెక్కదు. నేడు ప్రతివాని చేతను సెల్‌ఫోను గలదు. మీ యింటి తాతను, అవ్వను మగ్గముకడ కూర్చుండబెట్టి ఒక గంట మాటలాడించి ఆ గొంతు దాచుడు. రేపు మన పాత్రను ధరించు నటుడు, అతడే కులమువాడైనను, దానిని విని నేర్చుకొనగలడు.

మూడవది: మనలను తప్పుగా చూపు నాటకము వచ్చినపుడు మొదట ఉత్తరము వ్రాయుడు, మనిషిని పంపుడు, మా పల్లెకు రమ్మని పిలువుడు. రచయితకు ఒక పూట అన్నము పెట్టి మగ్గము చూపుడు. అప్పటికిని వినకున్నచో తీర్మానము చేయుటకు మన మహాసభ యుండనే యున్నది.

ఇతరులు మనలను సరిగా పలుకవలెనని కోరుచున్నాము. మనము గూడ ఇతరులను సరిగా పలుకవలెను. మన పిల్లలు పాఠశాల నాటకములో చాకలిని, చెంచును, తురకసోదరుని అనుకరించి నవ్వించినపుడు చప్పట్లు కొట్టకుడు. ఆ వరుసలో ఎవరి తండ్రి కూర్చుండియున్నాడో మన మెరుగము.

నా మాట దీర్ఘమైనది. ఈ రాత్రి ప్రదర్శింపబోవు నాటకమున నా పలుకులో తప్పులున్న రేపు ఉదయము నాకు చెప్పి దిద్దవలసినదిగా పెద్దలను వేడుకొనుచు విరమించుచున్నాను.